రాజీ కాగితంలో క్షమాపణ

"మా మాటల వల్ల ఎవరి మనోభావాలైనా దెబ్బతిని ఉంటే క్షమించండి."

తెలుగునాట ఇంతకన్నా అరిగిపోయిన వాక్యం లేదు. వేదిక మీద కులం పేరెత్తి నోరు పారేసుకున్న నాయకుడూ ఇదే అంటాడు. పాటలో ఒక కులాన్ని వెక్కిరించిన సినిమావాళ్ళూ ఇదే అంటారు. తరగతి గదిలో రిజర్వేషన్ పిల్లలను ఎద్దేవా చేసిన అధ్యాపకుడూ ఇదే రాసి సంతకం పెడతాడు. వాక్యాన్ని విప్పి చూస్తే అందులో తప్పు చేసిన మనిషి కనిపించడు. అన్న మాట ఏమిటో లేదు. ఎవరిని అన్నారో లేదు. "ఎవరివైనా" అనడంతోనే వాళ్ళు జనంలో కలిసిపోయారు. "ఉంటే" అన్న రెండక్షరాలు జరిగిన గాయాన్ని అనుమానంలోకి నెట్టాయి. ఇక "మనోభావాలు". అవమానం అన్నవాడి నోట్లో పుట్టలేదట, విన్నవాడి మనసు మరీ మెత్తగా ఉండటం వల్ల పుట్టిందట. న్యాయశాస్త్రం చదివిన అలవాటు కొద్దీ మాకు ఒక పోలిక తోస్తుంది. ఇది నేరం ఒప్పుకోలు పత్రంలా లేదు, ముందస్తు బెయిలు దరఖాస్తులా ఉంది.

2019 ఏప్రిల్‌లో, జలియన్‌వాలా బాగ్ మారణకాండకు నూరేళ్ళు నిండబోతున్న వేళ, బ్రిటన్ ప్రధాని థెరిసా మే తమ పార్లమెంటులో మాట్లాడారు. బ్రిటిష్ ఇండియా చరిత్రకు అది సిగ్గుచేటైన మచ్చ అన్నారు, తీవ్ర విచారం చెప్పారు. క్షమాపణ అనే మాట మాత్రం నోటి వెంట రాలేదు. ప్రతిపక్ష నేత జెరెమీ కోర్బిన్ అదే సభలో పూర్తి క్షమాపణ కావాలని అడిగారు. రెండు మాటలకూ ఉన్న తేడా మన దేశంలో చదువురానివారికి కూడా అర్థమైంది. విచారం వానకు పంట పోయినా చెప్పవచ్చు. క్షమాపణ చెప్పాలంటే "నేను చేశాను" అనాలి. తెల్లవాళ్ళ దగ్గర ఇంత స్పష్టంగా చూసే మన కళ్ళు ఊళ్ళో రాజీల దగ్గరికి వచ్చేసరికి ఎందుకు మసకబారతాయన్నదే ఈ వ్యాసంలో మా ప్రశ్న.

ఊళ్ళో రాజీలను మేము పాతికేళ్ళకు పైగా చూస్తున్నాం. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసు నమోదైన మూడో రోజుకో నాలుగో రోజుకో కబురు వస్తుంది. అన్నిటి తీరూ ఒకటే కాబట్టి ఒక్కటి చెబితే చాలు. బోరింగు దగ్గర నీళ్ళు పట్టుకుంటున్న మాదిగ ఇల్లాలిని కులం పేరుతో తిట్టి, ఆమె బిందెను కాలితో తన్నిన కేసు. పన్నెండు మంది పెద్దమనుషులు ఇంటికి వచ్చారు. అందరూ మెత్తగానే మాట్లాడారు. "ఏమమ్మా, పిల్లగాడు, తెల్వక అన్నడు. నీ తమ్ముడనుకో. పెద్ద మనసు జేసుకో" అన్నారు ఆమెతో. ఆమె భర్తను పక్కకు పిలిచి, "రేపటి సంది నీకు పని కావాల్నా వద్దారా?" అన్నారు. ఆ పిల్లగాడి వయసు ముప్ఫై ఎనిమిది. అతను వచ్చి, చేతిలో ఫోను చూసుకుంటూనే "సారీ" అన్నాడు. "అగో, చెప్పిండు గదా" అన్నారు పెద్దలు. రాజీ కాగితం అప్పటికే టైపు చేసి తెచ్చారు. అపోహల వల్ల జరిగిన చిన్న గొడవ అనీ, పెద్దల సమక్షంలో పరిష్కారమైందనీ, కేసు కొట్టివేతకు ఫిర్యాదికి అభ్యంతరం లేదనీ అందులో ఉంది. తిట్టిన మాట ఎక్కడా లేదు. బిందె కూడా లేదు. ఆమె మా వైపు తిరిగి అడిగింది: "సారూ, ఆయన సారీ ఎవలకు జెప్పిండు, నాకా, ఫోనుకా?"

ఆమె సంతకం పెట్టలేదు. కేసు ఇంకా వాయిదాల్లో ఉంది.

పాత పంచాయతీల్లో "తప్పు" అనే మాటకు జరిమానా అనే అర్థం కూడా ఉండేది. "వాడిచేత తప్పు కట్టించారు" అనేవారు. ఆ డబ్బులో కొంత కల్లుకు పోయేదని మా పెద్దలు నవ్వుతూ చెప్పేవారు. ఎంత కల్లుకు పోయినా కట్టేది తప్పు చేసినవాడే. ఇప్పటి రాజీలో అదీ తిరగబడింది. తిట్టినవాడు ఒక మాట అని వెళ్ళిపోతాడు. తిట్లు తిన్నవాళ్ళు తమ కేసును, సాక్ష్యాన్ని, ఊళ్ళో తలెత్తుకునే హక్కును కట్టి వస్తారు.

న్యాయస్థానాలకు క్షమాపణను కొలవడం రాదా అంటే, బాగా వచ్చు. తమకు చెప్పే క్షమాపణను అవి చాలా నిక్కచ్చిగా కొలుస్తాయి. 1971 నాటి కోర్టు ధిక్కార చట్టం 12వ సెక్షన్ ప్రకారం, ధిక్కారానికి పాల్పడినవారు కోర్టుకు తృప్తి కలిగేలా క్షమాపణ చెబితే శిక్ష తప్పవచ్చు. షరతుతో చెప్పారన్న ఒక్క కారణంతో దాన్ని తోసిపుచ్చరాదని, చిత్తశుద్ధి ఉంటే స్వీకరించవచ్చని అదే సెక్షన్‌లో వివరణ కూడా ఉంది. అంతకు చాలా ముందే, నాగపూర్ హైకోర్టు నుంచి వచ్చిన ఎం.వై. షరీఫ్ కేసులో, క్షమాపణ అనేది నేరం కడుక్కునే ఆయుధం కాదని, నిజమైన పశ్చాత్తాపానికి రుజువుగా నిలవాలని సుప్రీంకోర్టు చెప్పింది.

2024లో పతంజలి ప్రకటనల వ్యవహారం అందరికీ గుర్తుండే ఉంటుంది. వ్యాధులు నయం చేస్తామంటూ చేసే ప్రకటనల మీద భారత వైద్య సంఘం సుప్రీంకోర్టుకు వెళ్ళింది. కోర్టుకు ఇచ్చిన హామీ తప్పినందుకు రాందేవ్, బాలకృష్ణ క్షమాపణ అఫిడవిట్లు ఇస్తే, జస్టిస్ హిమా కోహ్లీ, జస్టిస్ అహ్సానుద్దీన్ అమానుల్లా వాటిని ఒప్పుకోలేదు. తర్వాత పత్రికల్లో క్షమాపణ ప్రకటన ఇచ్చారు. మీ సరుకు ప్రకటనలు ఎంత పెద్దవిగా వేశారో, ఈ క్షమాపణ కూడా అంత పెద్దదేనా అని ధర్మాసనం అడిగింది. పెద్దది చేసిన నకలు వద్దు, అచ్చయిన కాగితాన్నే తెచ్చి చూపించమంది. మర్నాడు పెద్ద అక్షరాలతో మరో ప్రకటన వచ్చింది. ఆగస్టులో గానీ ఆ ధిక్కార కేసు ముగియలేదు. మాకు ఆ ప్రశ్న ఎంతో నచ్చింది. అవమానం ఎంత పెద్ద గొంతుతో జరిగిందో క్షమాపణ కూడా అంత గొంతుతో ఉండాలన్నది దాని సారం. బోరింగు దగ్గర, ఇరవై బిందెల వాళ్ళు చూస్తుండగా తిట్టినవాడు ఇంటి వసారాలో ఫోనుకేసి గొణిగితే, ఆ కొలత ప్రకారం అది ఏ సైజు క్షమాపణ?

ఆ కొలత మన కేసులకు అందడం లేదు. అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరాన్ని ఇరుపక్షాలు తమంతట తాము రాజీ చేసుకుని ముగించుకునే వీలు లేదు. అందుకే హైకోర్టు విశేషాధికారాల కింద కొట్టివేత కోరతారు. 2021 అక్టోబరు 25న రామావతార్ వర్సెస్ మధ్యప్రదేశ్ రాష్ట్రం కేసులో, మన తెలుగువారైన ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణ నాయకత్వంలోని ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం, తగిన కేసుల్లో రాజీ ఆధారంగా ఈ చట్టం కింద కేసులను కూడా కొట్టివేయవచ్చని తేల్చింది. 1994లో పన్నా జిల్లాలో స్థల వివాదం మధ్య ఇటుక విసిరి, కులం పేరుతో దూషించాడన్న కేసది. కింది కోర్టు ఆరు నెలల శిక్ష వేసింది. ఇరవై ఏడేళ్ళ తర్వాత రాజీ మీద ముగిసింది.

ఆ తీర్పును మేము కొట్టిపారేయడం లేదు. బాధితులు భయంతోనో ఒత్తిడితోనో ఒప్పుకున్నారని ఏ మాత్రం అనిపించినా ఉపశమనం ఇవ్వరాదని అది గట్టిగా హెచ్చరించింది. ఇరుగుపొరుగు పాతికేళ్ళ తర్వాత శాంతిగా బతకాలనుకుంటే అడ్డుపడటం మా ఉద్దేశం కాదు. మా విమర్శ ఆ తీర్పును కింద వాడుకునే పద్ధతి మీద. రాజీ కాగితం కోర్టు ముందుకు వస్తే మొదటి ప్రశ్న, తరచుగా చివరి ప్రశ్న కూడా, "ఆమె ఒప్పుకుందా?" అన్నదే. "అతను ఒప్పుకున్నాడా?" అని అడిగేవారు లేరు. ఏమి అన్నాడో, అది తప్పని ఎవరి ముందు చెప్పాడో, మళ్ళీ అనకుండా ఏమి మార్చుకున్నాడో అడిగేవారు లేరు. క్షమించినట్లు రుజువు కావాలి, క్షమాపణ చెప్పినట్లు రుజువు అక్కర్లేదు! ఇదెక్కడి లెక్క?

ఈ లెక్కను సరిచేసే పద్ధతి మన వినయ పిటకంలో ఉంది. చుల్లవగ్గలోని సుధమ్మ భిక్ఖు కథ మన విహారాల్లో ఇంకా ఎక్కువగా వినిపించాలి. మచ్ఛికాసండంలో చిత్తుడనే గృహపతి ఉండేవాడు. సుధమ్ముడు అక్కడి విహారంలో ఉంటూ చిత్తుడి ఆదరణ మీదే బతికేవాడు. సంఘాన్ని భోజనానికి పిలవాలంటే చిత్తుడు ముందుగా ఆయనను అడిగేవాడు. ఒకసారి సారిపుత్తుడు, మొగ్గల్లానుడు మొదలైన పెద్ద థేరులు వచ్చినప్పుడు, చిత్తుడు ముందు వారినే పిలిచి, తర్వాత సుధమ్ముడిని పిలిచాడు. సుధమ్ముడికి అది గుచ్చుకుంది. రానన్నాడు. మర్నాడు పొద్దున వంటలు చూసే నెపంతో వచ్చి, అన్నీ బాగానే చేశావు గానీ ఒక్కటి తక్కువైంది, నువ్వుల పిండివంట లేదు అన్నాడు.

ఈ ఎత్తిపొడుపులో ఏముందో అట్ఠకథ విప్పి చెబుతుంది. చిత్తుడి పూర్వికుల్లో ఒకరు పిండివంటలు అమ్ముకునేవాడట. అంటే భిక్ఖువు ఆ గృహపతి పుట్టుకను, వంశవృత్తిని ఎత్తి చూపాడు. నేటి భాషలో చెప్పాలంటే కులం పేరుతో దూషించాడు, అదీ నలుగురూ ఉన్న ఇంట్లో. చిత్తుడు ఊరుకోలేదు, కోడికీ కాకికీ పుట్టిన పిల్ల కథ చెప్పి దీటుగా జవాబిచ్చాడు. సుధమ్ముడు అలిగి సావత్థికి, భగవానుడి దగ్గరికి వెళ్ళాడు. జరిగింది విన్న బుద్ధుడు మందలించాడు. సంఘం ఆయన మీద పటిసారణీయ కమ్మం విధించింది. అంటే, ఎవరిని నొప్పించావో ఆ గృహస్థు దగ్గరికే తిరిగి వెళ్ళి క్షమాపణ కోరాలి. కాషాయం కట్టినవాడు గృహస్థు ముందు చేతులు జోడించాలి.

మాకు బాగా నచ్చేది ఆ తర్వాతి భాగం. సుధమ్ముడు మచ్ఛికాసండం దాకా వెళ్ళాడు. అక్కడ సిగ్గుతో నోరు పెగలక, అడగకుండానే తిరిగి వచ్చాడు. క్షమాపణ చెప్పడం ఎంత కష్టమో వినయం రాసినవారికి బాగా తెలుసు. దానికి వారు కనిపెట్టిన మందు, తోడుగా మరో భిక్ఖువును పంపడం. ఆ తోడు భిక్ఖువు ముందుగా, ఈ భిక్ఖువు నిన్ను వేడుకుంటున్నాడు, క్షమించు అని అడగాలి. గృహస్థు క్షమించకపోతే నేనూ అడుగుతున్నాను అనాలి. అప్పటికీ కాదంటే సంఘం తరఫున అడగాలి. అప్పటికీ కాదంటే? బలవంతం లేదు. శాపం లేదు. "నీది చిన్న మనసు" అన్న నిష్ఠూరం లేదు. తప్పు చేసిన భిక్ఖువును ఆ గృహస్థు కనుచూపు మేరలో, అతనికి వినిపించేంత దగ్గరలో కూర్చోబెట్టి, చేతులు జోడింపజేసి, తాను చేసిన తప్పు ఇదీ అని చెప్పించాలి. దానితో ఆయన బాధ్యత తీరుతుంది. చిత్తుడు క్షమించినా, క్షమించకపోయినా తీరుతుంది.

ఇందులో ఎంత న్యాయం ఉందో గమనించండి. క్షమాపణ చెప్పడం తప్పు చేసినవాడి పని. క్షమించడం నొచ్చినవాడి ఇష్టం. మొదటిదానికి రెండోది ధర కాదు. ఊరి పెద్దలు కూడా నిందితుడికి తోడుగానే వస్తారు, పన్నెండు మంది వస్తారు. ఆ పన్నెండు మంది నోరు పెగలని వాడికి ధైర్యం చెప్పడానికి రారు, నోరున్న ఆమెను మెత్తబరచడానికి వస్తారు. వినయంలో తోడు వచ్చినవాడి పని తప్పు చేసినవాడి చేత పలికించడం. ఇక్కడ తోడు వచ్చినవారి పని తప్పు చేసినవాడి బదులు తామే పలికేయడం.

చుండూరు గురించి ఇక్కడ ఒక మాట చెప్పాలి. 1991 ఆగస్టు 6న అక్కడ ఎనిమిది మంది దళితులు హత్యకు గురయ్యారు. దళితుల పోరాటం వల్ల ప్రత్యేక కోర్టు చుండూరులోనే విచారణ జరిపింది. 2007లో 21 మందికి యావజ్జీవం పడింది, 2014లో హైకోర్టు అందరినీ నిర్దోషులుగా వదిలేసింది. ఆ చివరి తీర్పు మన గుండెల్లో ముల్లు. అయినా కోర్టు మా ఊరికే రావాలని చుండూరు దళితులు పట్టుబట్టడం వెనుక ఉన్న ఆలోచన వినయం చెప్పిన కనుచూపు, వినికిడి అన్న నియమానికి చాలా దగ్గరిది. తప్పు ఎక్కడ జరిగిందో అక్కడే, ఎవరికి జరిగిందో వారి కళ్ళ ముందే విప్పాలి.

ఇప్పుడు మనవాళ్ళు వేసే ప్రశ్న. "మీరు బౌద్ధులు కదా, మైత్రి, కరుణ అంటారు కదా, క్షమించలేరా?" ఈ మాట ఊరి పెద్దలు అంటే వారి తెలివి అనుకోవచ్చు. మన వందన సమావేశాల్లో మన ఉపాసకులే అనడం విన్నాం. అంగుత్తర నికాయంలో ఇద్దరు మూర్ఖుల గురించి చెప్పిన సుత్తాన్ని కూడా ఆధారంగా చూపిస్తారు. తప్పును తప్పుగా చూడనివాడు ఒక మూర్ఖుడు, తప్పు ఒప్పుకున్నవాడిని స్వీకరించనివాడు రెండో మూర్ఖుడు అని దాని భావం. రెండో సగాన్ని చదివి మొదటి సగాన్ని మింగేసేవారికి మా జవాబు ఒక్కటే: అక్కడ "ధమ్మానుసారంగా" అన్న షరతు ఉంది. తప్పును తప్పుగా చూడాలి, దిద్దుకోవాలి, ఇకముందు చేయకుండా నిగ్రహించుకోవాలి. సామఞ్ఞఫల సుత్తంలో తండ్రిని చంపిన అజాతసత్తు తన తప్పు ఒప్పుకున్నప్పుడు, బుద్ధుడు ఆ ఒప్పుకోలును స్వీకరించింది ఈ లెక్క ప్రకారమే. అజాతసత్తు వెళ్ళిపోయాక భిక్ఖువులతో అన్న మాటనూ మరవకూడదు. తండ్రిని చంపకపోయి ఉంటే ఈ ఆసనం మీదే ఇతనికి ధమ్మచక్షువు కలిగేది అన్నాడు. ఒప్పుకోలు స్వీకరించాడు, ఫలితాన్ని చెరిపేయలేదు. స్వీకరించడం వేరు, కేసు ఎత్తివేయడం వేరు.

అంగులిమాలుడి కథనే తీసుకుందాం. బాబాసాహెబ్ కూడా "బుద్ధుడు, ఆయన ధమ్మం" గ్రంథంలో పతితుల, నేరస్థుల పరివర్తన గురించి చెప్పేచోట దానికి స్థానం ఇచ్చాడు. మనం దాన్ని క్షమకు ఉదాహరణగా చెప్పుకుంటాం. పాలి సుత్తంలో మరో ఘట్టం ఉంది. భిక్ఖువైన అంగులిమాలుడు సావత్థిలో భిక్షకు వెళ్ళినప్పుడు మట్టిపెడ్డలు, కర్రలు, పెంకులు వచ్చి తగిలాయి. తల పగిలి, పాత్ర పగిలి, చీవరం చిరిగి తిరిగి వచ్చాడు. బుద్ధుడు ఆ నగర ప్రజల దగ్గరికి వెళ్ళి "మారిపోయాడు కదా, పెద్ద మనసు చేసుకోండి" అని అడిగినట్లు ఎక్కడా లేదు. "ఓర్చుకో" అని అంగులిమాలుడికి చెప్పాడు. ఓర్పు బోధ తప్పు చేసినవాడికి! మన ఊళ్ళలో ఆ బోధ ఎప్పుడూ దెబ్బ తిన్నవారికే ఎందుకు వెళుతుందో, మైత్రి పేరుతో సంతకాలు అడిగే మిత్రులు ఒక్కసారి ఆలోచించాలి.

నిజమైన క్షమాపణలు అసలు లేవా? ఉన్నాయి, తక్కువ. ఒక ప్రభుత్వ బడిలో ఉపాధ్యాయుడొకరు ఆరో తరగతి పిల్లవాడిని కులం పేరుతో పిలిచి, చెప్పులు కుట్టుకోక చదువెందుకు అన్నాడు. తండ్రి ఫిర్యాదు ఇచ్చాడు. ఎవరూ చెప్పకుండానే, వారం తిరక్కముందే, ఆ ఉపాధ్యాయుడు ఉదయం ప్రార్థన సమయంలో బడి మొత్తం ముందు నిలబడి, ఫలానా రోజు ఈ పిల్లవాడిని ఈ మాట అన్నాను, అది తప్పు, అది నేరం కూడా, అన్నాడు. "ఉంటే" అనలేదు. పిల్లవాడిని ముందుకు పిలిచి నిలబెట్టలేదు, కరచాలనం అడగలేదు. తండ్రిని కేసు వెనక్కి తీసుకోమనీ అడగలేదు. తండ్రి వెనక్కి తీసుకోలేదు. "సారు జెప్పిండు, మంచిదే. కోర్టుల గూడ చెప్పనీయిండ్రి" అన్నాడు. మాకు ఆ ఇద్దరి మీదా గౌరవమే. ఆ పిల్లవాడు బడి మానలేదు.

మన సంఘాల కార్యకర్తలకు పని దగ్గర ఉపయోగపడే మాట ఒకటి చెబుతాం. అత్యాచారాల నిరోధక చట్టంలో 2016 నుంచి అమల్లో ఉన్న 15ఎ సెక్షన్ ప్రకారం బాధితులకు విచారణలో తెలుసుకునే హక్కు, తమ మాట వినిపించే హక్కు ఉన్నాయి. బెయిలు దగ్గర ఆ హక్కును అడుగుతున్నాం, రాజీ దగ్గర మరిచిపోతున్నాం. పెద్దమనుషులు కాగితం తెచ్చినప్పుడు దాన్ని చించేయకండి, వెంటనే సంతకమూ పెట్టించకండి. చదవండి. అన్న మాట అందులో ఉందా, ఎవరిని అన్నారో పేరుందా, ఎక్కడ అన్నారో ఉందా, చెప్పేవాడి సంతకం మొదట ఉందా అని చూడండి. తిట్టిన చోటే చెబుతాడా అని అడగండి. కేసు కొట్టివేతకు అభ్యంతరం లేదన్న వాక్యం అదే కాగితంలో కనిపిస్తే, వెనక్కి ఇచ్చి రెండు కాగితాలుగా రాసుకు రమ్మని చెప్పండి. మొదటి కాగితం అతనిది, ఈ రోజే ఇవ్వవచ్చు. రెండోది ఆమెది. అది ఎప్పుడిస్తుందో, అసలు ఇస్తుందో లేదో, ఆమె చెబుతుంది.